రిజిస్టర్లో డి.బి.బి.ఎల్., కలలో పర్డీ

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే మా మామయ్య పోలీస్ స్టేషన్‌కి బయల్దేరతాడు. లైసెన్సు తుపాకీని తీసుకెళ్లి అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. లెక్కింపు అయ్యాక మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలి. తాతయ్య పోయాక లైసెన్సు మామయ్య పేరుకి మారింది కానీ పని మారలేదు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. రైటర్ గారు రిజిస్టర్ తిప్పి, తల ఎత్తకుండానే "డి.బి.బి.ఎల్., ట్వెల్వ్ బోర్" అని రాసుకున్నారు. డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్. రెండు గొట్టాలు పక్కపక్కన, వెనకవైపు మడిచి తూటా పెట్టేది. అంతే, దాని జాతకం అయిపోయింది.

పన్నెండు బోర్ అంటే పన్నెండు అంగుళాలో పన్నెండు మిల్లీమీటర్లో అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక పౌండు బరువు సీసం లోహాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత. సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఇరవై బోర్ పన్నెండు బోర్ కన్నా చిన్నది.

ఆ రోజు నాకు తట్టిన సంగతి వేరే. లండన్‌లో పర్డీ అనే కంపెనీ ఉంది. వాళ్లు చేసే జంట గొట్టాల తుపాకీ కొత్తది కొనాలంటే లక్ష పౌండ్లు దాటుతుంది, మన లెక్కలో కోటి రూపాయల పైమాటే. ఆ తుపాకీని ఎవరైనా తెచ్చి అదే బల్ల మీద పెట్టినా రైటర్ గారు రాసేది అదే: డి.బి.బి.ఎల్., ట్వెల్వ్ బోర్. రెండూ చేసే పని ఒకటే, పట్టే తూటా ఒకటే. మరి ఆ కోటి రూపాయల తేడా ఎక్కడుంది? తుపాకుల మీద ఇష్టం ఉన్నవాళ్లు ప్రపంచమంతా ఎందుకు ఆ పేర్లే కలవరిస్తారు? డబ్బున్నా ఎందుకు కొనలేరు? ఈ చివరి ప్రశ్నకి జవాబులో మన దేశం చాలాసార్లు వస్తుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

మసి, ఆకురాయి, టంకం

ముందు ఆ తేడా సంగతి. జేమ్స్ పర్డీ 1814లో లండన్‌లో సొంత దుకాణం పెట్టాడు. హారిస్ హాలండ్ అనే పొగాకు వ్యాపారి 1835లో మొదలుపెట్టిన కొట్టే తర్వాత తన కుటుంబంలోని కుర్రాడితో కలిసి హాలండ్ అండ్ హాలండ్ అయింది. బాస్, రిగ్బీ, బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్, వీటన్నిటిదీ దాదాపు ఒకటే పద్ధతి. కొలతలు ఇచ్చి ఆర్డరు పెట్టుకోవాలి, ఏడాదిన్నర రెండేళ్లు ఎదురుచూడాలి. మన దగ్గర పెళ్లి సూటు కుట్టించుకున్నట్టే చెయ్యి పొడుగు, భుజం, మెడ, చెంప, ఏ కంటితో గురి చూస్తారు అన్నీ కొలుస్తారు. ఇందుకోసం కీళ్లు, మరలు ఉండి ఎటంటే అటు వంగే ఒక నమూనా తుపాకీ ఉంటుంది. దాన్ని మనిషి భుజానికి ఆనించి, సర్ది, ఆ వంపుల ప్రకారం కర్ర చెక్కుతారు. ఒకరి కోసం చేసిన తుపాకీ ఇంకొకరి భుజానికి అంత బాగా ఒదగదు.

ఆ కర్ర మామూలు కర్ర కాదు. చాలావరకు టర్కీ నుంచి వచ్చే అక్రోటు చెట్టుది, అదీ వేరు దగ్గర మొదట్లోది. అక్కడే నల్లటి, తేనె రంగు చారలు పొగ తేలినట్టు ఉంటాయి. కోసిన దిమ్మని ఏళ్ల తరబడి ఆరబెడతారు. ఆరాక పగులు కనిపిస్తే పోయినట్టే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఏకాండీ వీణ కోసం ఒకే పనస మొద్దుని ఎంచే మనిషికి ఈ టెన్షన్ ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇనుము పని ఇంకా నిదానం. గొట్టాలు వచ్చి కూర్చునే భాగం, దాన్ని పట్టి ఉంచే భాగం, ఈ రెండూ వెంట్రుక దూరనంత దగ్గరగా కలవాలి. అది తేలడానికి పనివాడి దగ్గర ఉండేది ఒక చిన్న నూనె దీపం. దీపం మీద పెట్టి ఒక ముక్కకి మసి పట్టిస్తాడు, రెండో ముక్కతో కలిపి మూస్తాడు, తీస్తాడు. ఎక్కడ మసి అంటుకుందో అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. ఆ చోట ఆకురాయితో ఒక్క గీత గీస్తాడు. మళ్లీ మసి, మళ్లీ మూయడం, మళ్లీ ఒక గీత. మొత్తం పరుచుకుని సమంగా మసి అంటేదాకా రోజుల తరబడి ఇదే. ఐదేళ్లు శిష్యరికం చేస్తే గానీ ఈ పని చేతికి రాదు.

షాట్‌గన్, అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న, ఒకేసారి చిన్న రవ్వల గుంపుని చిమ్మే తుపాకీ వరకు ఇది చాలు. దీనికి రెండు మెట్లు పైన ఉన్నది డబుల్ రైఫిల్, అంటే ఒక్కో గుండుగా పేల్చే జంట గొట్టాల రైఫిల్. ఏనుగు, అడవిదున్న, పులి లాంటి పెద్ద జంతువుల వేట కోసం పుట్టింది. ఒక గుండు తప్పితే రెండోది క్షణంలో పేలాలి, మధ్యలో బోల్టు, అంటే తర్వాతి తూటాని లోపలికి తెచ్చే మీట, లాగే టైం ఉండదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి ఇక్కడే ఉంది.

పక్కపక్కన ఉన్న రెండు గొట్టాలు సమాంతరంగా ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. ఉండవు. మూతి వైపు కాస్త దగ్గరికి వచ్చి ఉంటాయి. ఎందుకంటే కుడి గొట్టం పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ తుపాకీ మధ్యలో తగలదు, కాస్త కుడి పక్కన తగులుతుంది. గుండు ఇంకా గొట్టంలో ఉండగానే తుపాకీ పైకి, కుడికి తిరగడం మొదలవుతుంది. ఎడమ గొట్టం పేలితే ఎడమకి తిరుగుతుంది. ఆ తిరుగుడుని ముందే లెక్కలో వేసుకుని కుడి గొట్టాన్ని కాస్త ఎడమకి, ఎడమ గొట్టాన్ని కాస్త కుడికి చూసేట్టు అతకాలి. అప్పుడే రెండు గుండ్లూ దూరాన ఒకే చోట పడతాయి.

దీనికి కాగితం మీద కచ్చితమైన లెక్క లేదు. గొట్టాలని టంకంతో అతికి, మూతి దగ్గర చిన్న చీల దూర్చి, మైదానానికి తీసుకెళ్లి కాలుస్తారు. కుడిది ఎక్కడ పడింది, ఎడమది ఎక్కడ పడింది చూస్తారు. వేడి చేసి టంకం కరిగించి, చీలని ఇంచుక కొట్టి, మళ్లీ అతికి మళ్లీ కాలుస్తారు. ఇదంతా చేసేది ఒక్క మనిషి, భుజం మీద ఆ దెబ్బలన్నీ తినేదీ ఆయనే. అంతా కుదిరాక కూడా ఒక మెలిక ఉంటుంది. ఏ తూటాతో సరిచేశారో ఆ తూటాతోనే కుదురుతుంది. బరువో వేగమో వేరేదైన తూటా పెడితే రెండు గుండ్లూ చెరో దారి పడతాయి.

నగిషీ గురించి ఎక్కువ చెప్పను. గులాబీలు, తీగలు చెక్కడానికి వందల గంటలు పడుతుంది. చూడ్డానికి బాగుంటుంది, ధర పెంచుతుంది. కానీ నిజం తెలిసినవాళ్లు నగిషీ చూసి తుపాకీని అంచనా వేయరు. మూసినప్పుడు వచ్చే చప్పుడు వింటారు.

ఒక్క యంత్రాంగం మాత్రం చెప్పి తీరాలి. ఫ్రెడరిక్ బీస్లీ అని పర్డీలో పనిచేసి బయటికొచ్చిన మనిషి 1880లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. తూటాని పేల్చే సుత్తిని నడిపే స్ప్రింగే తుపాకీని తెరవడానికి కూడా పనికొచ్చేట్టు చేశాడు. మీట జరిపితే చాలు, గొట్టాలు వాటంతట అవే కిందికి వాలతాయి. దాన్ని పర్డీకే అమ్మాడు. ఇవాళ్టికీ వాళ్ల పక్కపక్క గొట్టాల తుపాకీలో గుండెకాయ అదే. నూట నలభై ఏళ్ల పాత డిజైన్‌కి కోటి రూపాయలు పెట్టడం పిచ్చి కాదా అంటే, పిచ్చే. చేతి గడియారాల మీదా ఇదే పిచ్చి ఉంది, వాటికి మాత్రం ఎవరూ లైసెన్సు అడగరు.

ఒక నిషేధం కన్న పిల్లలు

ఇప్పుడు మన దేశం కథలోకి వస్తుంది. డబుల్ రైఫిల్ ఇష్టపడేవాళ్లని ఏ తూటా రైఫిల్ కావాలని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే పేరు .470 నైట్రో ఎక్స్‌ప్రెస్. సుమారు 32 గ్రాముల గుండుని సెకనుకు 650 మీటర్ల పైచిలుకు వేగంతో తోసేది. రైఫిల్ బరువు ఐదు కిలోల దగ్గర ఉంటుంది. ఈ చుక్క అంకెలు బోర్ లెక్క కాదు, గుండు వెడల్పుని సుమారుగా అంగుళాల్లో చెప్పేవి. అయితే .470 అనే ఈ వింత అంకె ఎక్కడిది?

అంతకు ముందు వేటగాళ్ల ప్రమాణం .450. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యం వాడి పక్కన పెట్టిన మార్టీనీ హెన్రీ రైఫిళ్లు కూడా అదే కొలతవి, అవి సరిహద్దు ప్రాంతాల్లో తిరుగుబాటుదారుల చేతుల్లో చాలా ఉండేవి. వేటగాళ్ల పేరుతో వచ్చే .450 సరంజామా వాటికి పనికొస్తుందేమోనని ప్రభుత్వానికి భయం. 1907 ప్రాంతంలో భారత్‌కి, సూడాన్‌కి .450 దిగుమతి ఆపేశారు.

లండన్, బర్మింగ్‌హామ్ కంపెనీలకి మన దేశం పెద్ద మార్కెట్. మహారాజులు, కలెక్టర్లు, అడవి శాఖ దొరలు, తోటల యజమానులు అందరూ కొనేవాళ్లే. నిషేధం .450కే కాబట్టి, దాని పక్కనుంచి దూరిపోయారు. జోసెఫ్ లాంగ్ వాళ్ల .470, హాలండ్ వాళ్ల .465, వెస్ట్లీ రిచర్డ్స్ వాళ్ల .476, జెఫ్రీ వాళ్ల .475 నంబర్ టు, ఇలా ఒకదాని వెంట ఒకటి అదే బలంతో, కాస్త వేరే అంకెతో బజారులోకి వచ్చాయి. వాటిలో .470 పోటీ తట్టుకుని నిలబడింది. ఆఫ్రికా వేట కథల్లో వినిపించే ఆ పేరు మన దేశానికి వేసిన తాళం సందులోంచి ఊపిరి పోసుకుందన్న మాట.

ఇలాంటిదే చిన్న సైజులో ఇంకొకటి జరిగింది. సైన్యం తూటా .303ని మామూలు జనానికి దొరకనివ్వలేదు. దాని బదులు .315 అనే తూటా ఇక్కడి వేటగాళ్లకి అలవాటైంది. అది మూలంలో ఆస్ట్రియా సైన్యం వాడిన మాన్‌లిషర్ తూటా. బ్రిటిష్‌వాళ్లు పోయారు, అడవిలో వేటా పోయింది, .315 మాత్రం పోలేదు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారం ఆ రైఫిల్ చేస్తూనే ఉంది, మన లైసెన్సు రిజిస్టర్లలో రైఫిల్ అంటే చాలాచోట్ల అదే. మిగతా ప్రపంచంలో ఆ పేరు చెబితే ముఖం చిట్లిస్తారు.

మహారాజుల ఆర్డర్ల సంగతి వేరే చెప్పాలా? ఒకటి కొనడం వాళ్లకి నామోషీ. జతలుగా, మూడేసిగా కొనేవాళ్లు. తోలు తొడిగిన ఓక్ పెట్టె, లోపల ఎర్ర మఖమల్ గూళ్లు, ఒక్కో గూట్లో గొట్టాలు, నూనె సీసా, శుభ్రం చేసే కడ్డీ, పెట్టె మూత మీద సంస్థానం చిహ్నం. హైదరాబాద్ ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ని పులుల వేట మీద మోజు వల్ల తీస్ మార్ ఖాన్ అనేవాళ్లు. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వేటకి వచ్చినప్పుడు వరంగల్ వైపు నెక్కొండ దగ్గర శిబిరం వేశారు. చచ్చిన పులి వెనక కర్జన్ దంపతులు నిలబడ్డ ఫోటో రాజా దీన్ దయాళ్ స్టూడియోది. ఇప్పటికీ అది పుస్తకాల్లో తిరుగుతూనే ఉంటుంది. ఇవాళ ఆ ఫోటో చూస్తే పులి మీద జాలేస్తుంది. వేయాలి కూడా. అలాంటి వేటలే పులుల్ని ఎక్కడికి తెచ్చాయో 1970ల నాటికి అందరికీ అర్థమైంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది.

ఆ చట్టానికి ముందు ఏడాదే, 1971లో, రాజభరణాలు రద్దయ్యాయి. ఆదాయం పోయింది, ఆ వెంటనే వేటా పోయింది. గోడల నిండా తుపాకులున్న కోటల్లో వాటిని చూసుకునే నౌకరుకి జీతం ఇవ్వడమే కష్టమైంది. ఎన్నో ఏళ్లుగా విదేశీ వ్యాపారులు ఇలాంటి సేకరణల మీద కన్నేసే ఉన్నారు. మంచివి చాలావరకు లండన్ మీదుగా అమెరికా చేరాయి. ఇవాళ వేలంపాటల్లో మహారాజు చిహ్నం ఉన్న రైఫిల్ వస్తే అదే కంపెనీ మామూలు రైఫిల్ కన్నా ఎంతో ఎక్కువ పలుకుతుంది. మన దగ్గర బూజు పట్టిన చిహ్నమే అక్కడ ధర పెంచుతోంది.

ఒక్క రైఫిల్ మాత్రం కొన్నాళ్లు తిరిగొచ్చింది. 1907లో వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ చంపావత్ ఆడపులిని చంపాడు. 436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే పులి అది. ఆ పనికి మెచ్చి యునైటెడ్ ప్రావిన్సెస్ (ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతం) లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జె.పి. హెవెట్ ఆయనకి ఒక రిగ్బీ .275 రైఫిల్ బహూకరించాడు. దాని మీద వెండి రేకు మీద ఆ మాట చెక్కి ఉంటుంది. నగిషీ లేదు, రెండు గొట్టాలు లేవు, చేతిలో తేలిగ్గా ఉండే మామూలు బోల్ట్ రైఫిల్. కార్బెట్ 1947లో కెన్యా వెళ్లిపోయాడు, 1955లో పోయాడు. రైఫిల్ ఆయన ప్రచురణకర్తల దగ్గర ఉండిపోయింది. 2015లో రిగ్బీ కంపెనీ దాన్ని కొనుక్కుంది. మరుసటి ఏడాది దాన్ని కుమావూ కొండలకి తెచ్చి ఊళ్లవాళ్లకి చూపించి, మళ్లీ లండన్ తీసుకెళ్లారు. నాకు ఏదైనా ఒక్క తుపాకీ అయిదు నిమిషాలు చేత్తో పట్టుకునే వరం ఇస్తే పర్డీని అడగను, దీన్నే అడుగుతాను.

సంతకం ధర

ఈ తుపాకులు అందకుండా చేసే మొదటి తాళం పనితనం, దాని ధర. కార్బెట్ రైఫిల్ సంగతితో రెండో తాళం బయటపడింది. కొన్ని తుపాకుల్లో పనితనం కన్నా వాటిని పట్టిన చెయ్యికే ధర. పర్డీ ఇవాళ కూడా కొత్తది చేస్తుంది, డబ్బుంటే రెండేళ్లు ఆగితే వస్తుంది. వీటికి ఆ దారి లేదు.

థియోడర్ రూజ్వెల్ట్ 1909లో అమెరికా అధ్యక్ష పదవి దిగి ఆఫ్రికా వేటకి వెళ్లేటప్పుడు ఆన్స్లీ ఫాక్స్ అనే తయారీదారు ఒక షాట్‌గన్ బహుమతిగా ఇచ్చాడు. 2010లో అది వేలంలో 8,62,500 డాలర్లు పలికింది. అపాచీ నాయకుడు జెరోనిమోని పట్టుకున్నందుకు కెప్టెన్ హెన్రీ లాటన్‌కి ఇచ్చిన వించెస్టర్ 1886 మోడల్ రైఫిల్, ఆ మోడల్లో ఒకటో నంబరుది, 2016లో 12,65,000 డాలర్లకి పోయింది. జెరోనిమో జాతివాళ్ల వైపు నుంచి చూస్తే ఆ బహుమతి ఎంత చేదో ఆలోచించండి. వేలం కేటలాగులో ఆ చేదుకి చోటు ఉండదు.

వించెస్టర్ కథల్లో నాకు నచ్చేది ఇంకొకటి. 1870లలో ఆ కంపెనీ గొట్టాలని పరీక్షించేటప్పుడు అసాధారణంగా గురి కుదిరినవాటిని పక్కన పెట్టి, మంచి ట్రిగ్గర్ బిగించి, గొట్టం మీద 'వెయ్యిలో ఒకటి' అని చెక్కి వంద డాలర్లకి అమ్మింది. అప్పట్లో అది మామూలు రైఫిల్‌కి దాదాపు రెట్టింపు. 1873 మోడల్లో అలాంటివి నూట ముప్పై పైచిలుకే చేశారు. కొన్నాళ్లకి జనం మర్చిపోయారు. 1950లో ఒక హాలీవుడ్ సినిమా కథ అంతా అలాంటి రైఫిల్ చుట్టూ తిప్పారు. ప్రచారం కోసం స్టూడియోవాళ్లు, మీ ఇంట్లో ఇలాంటిది ఉందా, ఉంటే చెప్పండి అని దేశమంతా వెతికించారు. అటకల మీది నుంచి, పశువుల కొట్టాల్లోంచి కొన్ని నిజంగానే బయటికొచ్చాయి. అప్పటిదాకా అవి పాత తుపాకులు. మర్నాటి నుంచి నిధులు.

డబ్బుకి లొంగని తాళం

అసలు తాళం మూడోది, చట్టం. దీని గురించి గందరగోళం ఎక్కువ. అమెరికాలో ఏదైనా దొరుకుతుంది, ఇక్కడ ఏదీ దొరకదు అనుకుంటారు. రెండూ పూర్తి నిజం కాదు.

అమెరికాలో 1934 నుంచి మెషిన్ గన్లు నమోదు చేయించి, 200 డాలర్ల పన్ను కట్టాలి. ఆ రోజుల్లో 200 డాలర్లంటే చిన్న మొత్తం కాదు. 1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్‌ని మామూలు పౌరుడు సొంతం చేసుకోకూడదని చట్టం సవరించారు. అంటే ఆ తేదీకి రిజిస్టర్లో ఉన్నవే చేతులు మారుతుండాలి, కొత్తవి కలవవు. సరుకు పెరగదు, కోరేవాళ్లు పెరుగుతారు. సైన్యం వందల డాలర్లకి కొన్న ఎం16 లాంటిది ఇప్పుడు ముప్పై వేల డాలర్లు దాటి పలుకుతుంది. అందులో ఏ పనితనమూ లేదు, మూసేసిన రిజిస్టర్ ఒక్కటే ఉంది. చట్టం ఒక్క గీత గీస్తే ఇనుప ముక్క విలువ ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలీదు.

డాలస్‌లో ఉన్న మనవాళ్లకీ ఇక్కడ ఒక మెలిక. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ ఉండకూడదు. అయితే రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు వర్తిస్తుంది. గ్రీన్ కార్డు వస్తే ఈ ఇబ్బంది ఉండదు. పదిహేనేళ్లు గ్రీన్ కార్డు లైన్లో నిలబడేవాళ్లకి ఈ తాళం కూడా అదే లైన్లో ఉందన్న మాట.

మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం. ఒక లైసెన్సుదారుకి మూడు తుపాకుల వరకు ఉండేది. 2019 డిసెంబరులో సవరించి రెండుకి దించారు. మూడోది ఏడాదిలోపు అప్పగించాలన్నారు. .303, 9 ఎంఎం లాంటివి నిషిద్ధ బోర్లు, మామూలు లైసెన్సు మీద రావు. అన్నిటికన్నా గట్టి గోడ దిగుమతి. 1980ల మధ్య నుంచి మామూలు లైసెన్సుదారు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకునే దారి మూసుకుపోయింది. జూబ్లీహిల్స్‌లో ఎన్ని కోట్లున్నా లండన్ వెళ్లి కొలతలిచ్చి, చేయించుకుని తెచ్చుకోవడం కుదరదు. ఇక మిగిలింది అప్పటికే దేశంలో ఉన్న పాతవి. బయట ఎవరూ పట్టించుకోని సాదా విదేశీ తుపాకీకి కూడా ఇక్కడ లక్షలు పలకడానికి కారణం ఇదే. అమెరికాలో ఎం16కి జరిగింది ఇక్కడ ప్రతి విదేశీ తుపాకీకీ జరిగింది.

పోనీ వారసత్వంగా ఏ మహారాజు .470నో వచ్చిందనుకోండి. తూటాలు ఎక్కడివి? మన కర్మాగారాలు పన్నెండు బోర్, .315 లాంటివి చేస్తాయి కానీ .470 చేయవు. డబుల్ రైఫిల్ ఏ తూటాతో సరిచేశారో దానితోనే గురి కుదురుతుందని పైన అనుకున్నాం కదా. కాబట్టి ఆ రైఫిల్ నూనె రాయించుకుంటూ పెట్టెలో పడుకోవాల్సిందే. వేటకి ఎలాగూ వీల్లేదు.

దిగుమతి గోడలో ఒక్క కిటికీ ఉంది, క్రీడాకారులది. పేరున్న షూటర్లు తమ పోటీ విభాగానికి తగిన తుపాకీని, తూటాల్ని తెప్పించుకోవచ్చు. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ విభాగంలో పోటీ చేశాడు, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం గెలిచాడు. గాలిలోకి ఎగిరే మట్టి పళ్లేన్ని కొట్టే ఆట అది. ఈ ఆటలో ప్రపంచమంతా కలలుగనే పేర్లు ఇంగ్లండ్‌వి కావు, ఇటలీవి. బ్రెషా చుట్టుపక్కల లోయలో శతాబ్దాలుగా తుపాకులే జీవనం. బెరెట్టా కుటుంబం వెనిస్ ఆయుధాగారానికి 185 గొట్టాలు అమ్మిన కాగితం 1526 నాటిది. 1957లో మొదలైన పెరాజీ తుపాకీతో ఎన్నియో మాటరెల్లి 1964 టోక్యోలో స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం చేసిన ఎంఎక్స్8 మోడల్ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ లోయలోనే ఫాబ్రీ అని ఒక చిన్న కంపెనీ ఉంది. ఏడాదికి చేసేవి కొన్నే. ఒక్కోటి రెండు లక్షల డాలర్లు దాటుతుంది. అయితే వాళ్లు మసి దీపం పెట్టుకోరు. కంప్యూటర్‌తో నడిచే యంత్రాల మీద వెంట్రుకలో వంతు తేడా లేకుండా కోస్తారు, టైటానియం వాడతారు. చేత్తో చేస్తేనే గొప్ప అనే లండన్ వాదనకి ఇది గట్టి సవాలు. యంత్రం చేసిన అతుకు చేతి అతుకు కన్నా కచ్చితం అన్నది నిజమే. అయినా నా ఓటు మసి దీపానికే. కారణం చెప్పమంటే చెప్పలేను, ఏకాండీ వీణ చూసి అతుకుల వీణ కొనలేనివాళ్లకి అర్థమవుతుంది.

మొన్న ఎన్నికలప్పుడు మళ్లీ ఊరెళ్లాను. మామయ్య ముందురోజు రాత్రి తుపాకీ విప్పి నులకమంచం మీద గుడ్డ పరిచి పెట్టాడు. గొట్టాలు తిరగేసి ఫోన్ టార్చి వేసి చూస్తే అడుగున చిన్న కిరీటం ముద్రలు కనిపించాయి. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌వి. అక్కడ ప్రతి కొత్త తుపాకీలోనూ మామూలు కన్నా బలమైన తూటా పెట్టి పేల్చి, పగలకపోతేనే ఆ ముద్ర వేస్తారు. తయారుచేసినవాడి పేరు ఎక్కడా లేదు, కలకత్తాలో అమ్మిన కొట్టు పేరు మాత్రం సగం అరిగిపోయి ఉంది. కర్ర మామూలుది. గొట్టాలు వచ్చి కూర్చునే చోట వేలు పెట్టి తడిమితే, నూనె కింద సన్నటి గీతలు తగిలాయి. ఒకే వైపు, ఒకే వాటంగా. ఆకురాయివి.

"మామయ్యా, ఇది చేత్తో గీసింది."

"అయితే ఏంట్రా?" అన్నాడు మామయ్య, నూనె గుడ్డ నా వైపు విసురుతూ. "చూసింది చాలు గానీ అద్ది మూటగట్టు. పొద్దున పదింటికల్లా రైటర్ గారు వచ్చేస్తారు, లేటయితే లైన్లో నిలబడాలి."